‘వెల్‌కమ్ బ్యాక్’ వాక్యానికి పల్నాటి టీక

మూలం: “వెల్‌కమ్ బ్యాక్, సర్! వెల్‌కమ్ బ్యాక్, మేడమ్! వెల్‌కమ్ హోమ్! కోల్డ్ టవల్? లెమనేడ్?”

అవతారిక. విహారనౌక ఒక రేవులో ఆగుతుంది. ప్రయాణికులు పొద్దున దిగి, ఊరు చూసి, బజారులో బేరమాడి, ఎండకు కమిలి, సాయంత్రానికి ఓడమెట్ల దగ్గరికి చేరతారు. అక్కడ సిబ్బంది రెండు వరసలు కట్టి, స్పీకర్లో పాట పెట్టి, చప్పట్లు కొడుతూ, వయసులో ఉన్నవారైతే నాలుగు చిందులు కూడా వేస్తూ పై వాక్యం పలుకుతారు. దీని కర్త ఎవరో తెలియదు. పెక్కు కంపెనీల ఓడల్లో కొద్ది మార్పులతో వినిపిస్తుంది గనుక అపౌరుషేయమనుకోవచ్చు. ఛందస్సు లేదు గాని తాళముంది. విన్నవారికి ఒక పక్క హాయిగానూ ఇంకో పక్క ఒళ్లు ముడుచుకుపోయినట్టూ ఎందుకుంటుందన్నది ఈ టీకకు విషయం.

పల్నాటి పిడుగురాళ్లకు సముద్రం లేదు, అక్కడివారికి ఈ వాక్యంతో ఏం పని అని పూర్వపక్షం. అక్కడున్నవి సున్నపురాయి క్వారీలు, బట్టీలు, వాటి పొడికి తెల్లబడిన చెట్ల ఆకులు. నిజమే. కానీ అక్కడి పిల్లలు చదువుకుని దేశాలు పట్టారు. టెక్సాస్‌లో కొడుకో కూతురో ఉన్న తల్లిదండ్రులను హ్యూస్టన్ దగ్గరి గాల్వెస్టన్ రేవులో ఓడ ఎక్కించి, మెక్సికో వారి కొజుమెల్ దీవి చూపించి తీసుకురావడం ఇప్పుడు పుత్రధర్మంలో భాగమైంది. అంత దూరం పోనివారికి విశాఖపట్నం ఉంది. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ వారి ‘ఎంప్రెస్’ అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై యాత్ర మొదలుపెట్టింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అయితే 2022 నాటి ఆ తొలి యాత్రలో ఓడలోని కాసినో మీద అభ్యంతరాలు లేచి పుదుచ్చేరి ప్రభుత్వం ఓడ ఆగడానికి అనుమతి ఇవ్వలేదు. దిగనిదే తిరిగి రావడం లేదు, తిరిగి రానిదే స్వాగతం లేదు. కాబట్టి ఆ యాత్రలో పుదుచ్చేరి దగ్గర మూలపాఠం లుప్తమైందని గ్రహించాలి.

ప్రతిపదార్థం. ‘వెల్‌కమ్ బ్యాక్’ అంటే మీరు తిరిగి వచ్చినందుకు సంతోషం. రాకపోయినా ఓడ మీకోసం ఆగదన్నది గూఢార్థం. ‘సర్’, ‘మేడమ్’ అంటే టోపీ పెట్టుకున్నవారు, హ్యాండ్‌బ్యాగు పట్టుకున్నవారు. పేరు తెలియనివారందరికీ చెల్లే సర్వనామాలివి. ‘హోమ్’ అంటే నాలుగు రాత్రులకు డబ్బు కట్టిన, మంచం పక్కన సూట్‌కేసు విప్పితే దారి మిగలని గది. ‘కోల్డ్ టవల్’ అంటే మంచునీళ్లలో తడిపి, పిండి, పొట్లకాయలా చుట్టిన చిన్న తువాలు. అది ముఖానికా, చేతులకా, మెడ వెనక్కా అన్న విషయంలో ప్రయాణికుల మధ్య ఏకాభిప్రాయం లేదు. వాడిన తువాలు ఎక్కడ వేయాలో తెలియక క్యాబిన్ దాకా మోసుకుపోయినవారున్నారు. ‘లెమనేడ్’ అంటే ఉప్పు వేయని నిమ్మరసం. పిడుగురాళ్ల నాలుకకు ఇందులోనే మొదటి లోపం తగులుతుంది.

పాఠాంతరం. నార్వీజియన్ కంపెనీ ఓడల్లో చేతుల మీద క్రిమిసంహారిణి చిలకరిస్తూ ‘వాషీ వాషీ, హ్యాపీ హ్యాపీ’ అని పాడడం ప్రసిద్ధం. ప్రయాణికుల చేతుల ద్వారా కడుపుకు సోకే అంటురోగం ఓడలో పాకితే ఆపడం కష్టం. అందుకే ఆ చిలకరింత. షోడశోపచారాలు ఎరిగినవారు దీన్ని ఆచమనీయంగానూ, చల్లటి తువాలును పాద్యంగానూ, నిమ్మరసాన్ని నైవేద్యంగానూ పోల్చుకుంటారు. పోలిక అక్కడిదాకా చక్కగా నడిచి ఒకచోట కుంటుతుంది. పదహారు ఉపచారాలనూ స్వీకరించే దేవుడు తిరిగి ఒక్క మాటా మాట్లాడనక్కర్లేదు. ప్రయాణికుడు ఏదో ఒకటి అనాలి.

అన్వయం. వాక్యంలో ఎక్కడా క్రియ లేదు. శాస్త్రప్రకారం దాన్ని అధ్యాహారం చేసుకోవాలి. వరసకు పది అడుగుల అవతల, ఏ పాటకూ తల ఊపని భద్రతా సిబ్బంది ఒకరు యంత్రం పట్టుకుని ఉంటారు. ప్రయాణికుడు ఓడ వారిచ్చిన కార్డు తాకించగానే తెర మీద అతని ఫొటో వస్తుంది, ‘బీప్’ మంటుంది. సంచి ఎక్స్‌రే పెట్టెలో దూరుతుంది. ఎవరు దిగారు, ఎవరు తిరిగి ఎక్కారు, ఇంకా ఎవరు రావాలి అన్నది ఆ బీపుకు తెలుస్తుంది. అధ్యాహార్యమైన క్రియ అదే: లెక్కపెట్టడం. చప్పట్లు, పాట, తువాలు, నిమ్మరసం అన్నీ ఈ క్రియకు విశేషణాలు. క్యూలో నిలబడ్డ జనానికి విసుగు పుట్టకుండా, ఎండదెబ్బ తగలకుండా లెక్క పూర్తి చేయడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఎవరికీ తట్టలేదు.

రసనిర్ణయం. ఇక్కడ టీక కాస్త నిదానించాలి. మమ్మటుడు కావ్యప్రకాశంలో భావశాంతి, భావోదయం, భావసంధి, భావశబలత అని నాలుగింటిని చెప్పాడు. ఒక భావాన్ని ఇంకోటి తోసుకుంటూ వరసగా అనేక భావాలు రావడం భావశబలత. ఓడమెట్ల దగ్గర పిడుగురాళ్ల పెద్దమనిషి ముఖం దీనికి ఉదాహరణ. భరతుడు లెక్కించిన 33 వ్యభిచారి భావాల్లో కనీసం ఏడు ఆ ముఖం మీద అరనిమిషంలో నడుస్తాయి. ముందు శ్రమ: పొద్దుట్నుంచీ నడక. దూరాన పాట వినపడగానే హర్షం. దగ్గరికి రాగానే శంక: ఇదంతా తమకేనా, వెనక ఎవరైనా మంత్రిగారొస్తున్నారా అని ఒకసారి తిరిగి చూస్తారు. ఎవరూ లేరు. వెంటనే వ్రీడ: చెప్పుల్లో ఇసుక, చేతిలో బేరమాడి కొన్న వస్తువుల ప్లాస్టిక్ కవరు, చంకల దాకా తడిసిన చొక్కా. ఆ స్థితిలో ఇరవైమంది చప్పట్లు కొట్టడం సిగ్గు పుట్టించకపోతే ఎప్పుడు పుట్టిస్తుంది? మధ్యలో రెండు క్షణాలు గర్వం కూడా ఉంటుంది, లేదనడం అబద్ధం. తర్వాత దైన్యం: అవతలివారు నవ్వుతూ చేసిన పలకరింపుకు ఏమనాలో తోచదు. చివర అవహిత్థ, అంటే లోపలి భావాన్ని దాచుకోవడం. దీని అనుభావం అందరికీ తెలిసిందే: రాని ఫోను చెవి దగ్గర పెట్టుకుని వరస దాటిపోవడం.

స్వేదం గురించి వ్యాఖ్యాతల్లో వివాదముంది. ఎనిమిది సాత్త్విక భావాల్లో స్వేదం ఒకటి గనుక ఆ చెమటను కూడా రసపోషకంగా తీసుకోవాలని ఒక పక్షం. కొజుమెల్ ఎండకు పట్టిన చెమట సాత్త్వికం కానేరదని సిద్ధాంతం. తువాలుతో తుడిస్తే పోయేది సాత్త్వికం కాదు.

స్థాయీభావం ఏదన్నది మొదటి రేవులో తేలదు. రెండో రేవులో మళ్లీ అదే వరస, అదే పాట, అదే ఉత్సాహం ఎదురైనప్పుడు తేలుతుంది. వేరే ద్వారం ఏమైనా ఉందేమోనని కళ్లు వెతుకుతాయి. చాలాసార్లు ఉండదు; ఉన్నా అక్కడా మనుషుల లెక్క తప్పదు. చిన్నపిల్లలకు ఈ గొడవ లేదు. వారు వరస మధ్యలో ఆగి తామూ చిందులేసి, ఇంకో గ్లాసు నిమ్మరసం పుచ్చుకుని పోతారు. రసాస్వాదనకు సహృదయులు వీరే.

ఆక్షేపం. ఈ స్వాగతం మనస్ఫూర్తిగా చేసేది కాదు, జీతానికి చేసేది, కాబట్టి రసాభాస అని కొందరు అంటారు. ఈ ఆక్షేపానికి శాస్త్రబలం కూడా ఉంది. అమెరికా సామాజికశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో ‘ది మేనేజ్డ్ హార్ట్’ అనే గ్రంథంలో డెల్టా విమానాల సిబ్బందిని పరిశీలించి, చేతులతో చేసే పని ఎలాంటిదో ముఖం మీద సంతోషం నిలిపి ఉంచడమూ అలాంటి పనేనని నిరూపించింది. ఓడ సిబ్బంది నెలల తరబడి ఒప్పందం మీద పనిచేస్తారు. 2013లో అమల్లోకి వచ్చిన సముద్ర కార్మిక ఒడంబడిక వారికి రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఉండాలంటుంది. ఆ లెక్కను తిరగేసి చూస్తే మిగిలిన గంటలెన్నో తెలుస్తుంది. పొద్దున గదులు సర్దిన చేతులే సాయంత్రం చప్పట్లు కొట్టవచ్చు. పైగా చాలా ఓడల్లో సిబ్బంది బక్షీసు మనిషికింత, రోజుకింత అని బిల్లులోనే కలుస్తుంది. అది తెలిసిన ప్రయాణికుడికి చప్పట్లకు ముందే డబ్బు కట్టేశామా, ఇంకా విడిగా ఇవ్వాలా అని సందేహం.

సమాధానం. జీతానికి చేసినదంతా అబద్ధమైతే నర్సు చేతిలో సూది కూడా అబద్ధమే కావాలి. చల్లటి తువాలు మాత్రం నిజంగానే చల్లగా ఉంది. స్వాగతం చాలకపోతే జరిగేది పల్నాడుకు బాగా తెలుసు: శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువులు ఇక్కడి జొన్నకూటినీ నీటి ఎద్దడినీ వెక్కిరించి ఇన్ని వందల ఏళ్లయినా సీమవారు మరవలేదు. ఎక్కువైనప్పుడు చదవడానికి చాటువు ఇంకా పుట్టలేదు. కాబట్టి ఆక్షేపకుల ఇబ్బందికి మూలం వేరే చోట వెతకాలి.

సాదృశ్య విచారం. పిడుగురాళ్ల ప్రయాణికుడికి దిగి ఎక్కడం కొత్త కాదు. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద బస్సు టీకి ఆగుతుంది. తిరిగి వచ్చినప్పుడు తలుపు దగ్గర కండక్టరు ఉంటాడు. “పది నిమిషాలని చెప్పానా లేదా? టీ తాగడానికి పోయారా, తోట వేయడానికి పోయారా? పక్క సీటాయన ఏడీ?” అంటాడు. “వస్తన్నాం లేవయ్యా, బండేం పారిపోదుగా” అని జవాబు. రైట్ రైట్. మాచర్ల దాటి విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయినా ఇదే తంతు. 1954, 1960 మధ్య తవ్వకాల్లో దొరికిన ఇక్ష్వాకుల కాలపు శిల్పాలను దీవి మీది మ్యూజియంలో చూస్తూ జనం మైమరిచిపోతే, రేవులో హారన్ మోగుతుంది. ఆలస్యంగా వచ్చినవారిని లాంచీలో ముందే కూర్చున్నవారంతా గుడ్లురిమి చూస్తారు. తువాలు లేదు, నిమ్మరసం లేదు. అయినా ఎవరూ ముడుచుకుపోరు.

కండక్టరూ ఓడ సిబ్బందీ చేస్తున్నది ఒకే పని, మనుషుల లెక్క. కండక్టరు తిట్టుకు జవాబు ఊరూవాడా సిద్ధంగా ఉంది, తాతల నాటి నుంచి వాడి వాడి అరిగింది. ఇంటికి చేరితే “వచ్చావా? కాళ్లు కడుక్కో” అన్న పలకరింపుకూ జవాబు ఉంది: కాళ్లు కడుక్కోవడమే. ‘వెల్‌కమ్ హోమ్’కు ఆచారంలో జవాబు లేదు. థాంక్యూ అంటే ఇరవై మందికి ఇరవైసార్లు అనాలి. మొదటి మనిషికి అని మిగతావారిని వదిలేస్తే అమర్యాద. తిరిగి పలకరించడం పరమ బాధ్యతగా పెరిగిన సీమలో బాకీ తీర్చలేని పలకరింపు బరువే. నచ్చకపోవడం కాదు, అప్పు పడిపోవడం. తాత్పర్యం ఇంతే.

విశేషం. కొందరు పెద్దవారు ఈ అప్పు తీర్చే దారి తామే కనుక్కున్నారు. వరసలో ఒక్క మనిషి ముందు ఆగి, తువాలు తీసుకుని, “ఏ ఊరు బాబూ మీది? అన్నం తిన్నావా?” అని అడుగుతారు. విశాఖ ఓడలో భారతీయ సిబ్బంది ఉంటారు గనుక ‘ఖానా ఖాయా?’తో పని జరుగుతుంది. గాల్వెస్టన్ ఓడలో అవతలివారు ఫిలిప్పీన్స్ నుంచో ఇండొనేషియా నుంచో వచ్చి ఉండవచ్చు. అప్పుడు చేతివేళ్లు నోటి దగ్గరికి తీసుకుపోయి చూపితే చాలు. చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడి సీమ నుంచి వచ్చినవారికి ఈ ప్రశ్న సహజం. అడిగించుకున్నవారి ముఖం మీద నవ్వు ఒక్కసారి మారుతుంది; రోజుకు వేయి మందికి పంచే నవ్వు కాదది. వెనక క్యూ నిలిచిపోతుంది. స్కానరు దగ్గరి అధికారి ‘ప్లీజ్ కీప్ మూవింగ్’ అంటాడు. ఈ ఒక్క మాటా పెద్దవారికి పూర్తిగా బోధపడుతుంది, హాయిగా ముందుకు కదులుతారు.

అపవాదం. ఆలస్యంగా వచ్చినవారికి పై నియమాలేవీ వర్తించవు. సాధారణంగా ఓడ కదిలే వేళకు అరగంట ముందే అందరూ ఎక్కి ఉండాలి. కంపెనీ వారే ఏర్పాటు చేసిన బస్సులో పోయినవారికోసం ఓడ ఆగుతుంది గాని, సొంతంగా టాక్సీ మాట్లాడుకుని పోయినవారికోసం ఆగనక్కర్లేదు. రేవు పొడవునా సంచులతో పరుగెత్తేవారిని పై అంతస్తుల బాల్కనీల నుంచి తోటి ప్రయాణికులే కేకలు వేసి, చప్పట్లు కొట్టి, వీడియో తీస్తారు. ఓడలో వినిపించే స్వాగతాలన్నిటిలో జీతం లేనిది ఇదొక్కటే, దీని చిత్తశుద్ధిని ఎవరూ శంకించలేదు. అప్పటికీ అందుకోలేకపోతే సిబ్బంది ఆ ప్రయాణికుడి గదిలో పాస్‌పోర్టు వెతికి రేవులోని ఏజెంటుకు అప్పగించిపోయే వాడుక ఉంది. ప్రయాణికుడు సొంత ఖర్చుతో తర్వాతి రేవుకు చేరి అక్కడ ఓడ ఎక్కాలి. దాన్ని తిరిగి రావడమనాలా, కొత్తగా ఎక్కడమనాలా, అక్కడ తువాలు ఇస్తారా ఇవ్వరా అన్నది మూలంలో లేదు. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసిన కొలచల మల్లినాథసూరి మెదకు సీమవాడు. ఆయన మీది గౌరవంతో టీక ఇక్కడ ఆగుతుంది.