కరెంటు వచ్చిన ప్రతిసారీ పుడతాను

నేను వై-ఫై కార్డును. 7260 రకం దాన్ని. ల్యాప్‌టాప్ లోపల రెండు యాంటెన్నా తీగలు తగిలించుకుని ఉంటాను. నాకు రేడియో ఉంది, చిన్న ప్రాసెసర్ ఉంది, కాస్త మెమరీ ఉంది. కరెంటు పోయిందంటే ఆ మెమరీలో ఏదీ మిగలదు. నాకు పని నేర్పే ఫర్మ్‌వేర్ హార్డ్‌డిస్కు మీద ఒక ఫైలుగా ఉంటుంది. అందులో తప్పు దొరికితే ఫైలు మారిస్తే సరిపోతుంది, నన్ను ఊడదీయక్కర్లేదు.

లైనక్స్‌లో నా మంచిచెడ్డలు చూసే డ్రైవర్ ఐడబ్ల్యూఎల్‌వైఫై. నన్ను గుర్తుపట్టగానే అది ఆ ఫైలు కావాలని కెర్నెల్‌ను అడుగుతుంది. కెర్నెల్ లిబ్ కింద ఉన్న ఫర్మ్‌వేర్ డైరెక్టరీలో వెతుకుతుంది. డ్రైవర్ ముందు అడిగేది తనకు తెలిసిన అన్నిటికన్నా కొత్త వెర్షన్, అది లేకపోతే దాని కిందిది. దొరికినదాన్ని డ్రైవర్ ముక్కలు ముక్కలుగా నా మెమరీలోకి పంపుతుంది. చివరి ముక్క చేరి ప్రాసెసర్ కదలగానే నేను 'అలైవ్' అని కబురు పెడతాను. నా బతుకులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే.

అడగడానికీ ఒక వేళ ఉంది. రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కాకముందే అడిగితే, డిస్కులో ఫైలు ఉన్నా దొరకదు. లాగ్‌లో ఎర్రర్ -2 అని పడుతుంది, నేను మూగగా ఉండిపోతాను. నేను పుట్టకముందు ఫైలు తెచ్చే పని కెర్నెల్ బయట ఉండే యూడెవ్ చేసేది. మాడ్యూల్ లోడయ్యే దాకా యూడెవ్, యూడెవ్ ఫైలిచ్చే దాకా మాడ్యూల్, ఇలా ఒకదాని కోసం ఒకటి ఆగిపోయిన సందర్భాలున్నాయి. 2012 డిసెంబరులో వచ్చిన 3.7 కెర్నెల్ ఆ ఫైలును తానే నేరుగా చదవడం మొదలుపెట్టింది. మెషీన్ నిద్రపోయే ముందే ఫర్మ్‌వేర్‌ను మెమరీలో దాచుకోవడమూ అందులోనే వచ్చింది. నిద్ర లేచేటప్పటికి డిస్కు సిద్ధంగా లేకపోయినా నాకు ఇబ్బంది లేదు. చాలా మంచి నిర్ణయమది.

కొత్తగా సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్ల అవస్థ వేరు. నెట్ రావాలంటే నేను లేవాలి, నేను లేవాలంటే ఆ ఫైలు నెట్ నుంచి దిగాలి. నా ఫర్మ్‌వేర్‌కు సోర్సు బయట లేదు కాబట్టి డెబియన్ దాన్ని అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చేది కాదు. 2022లో ఓటు పెట్టి ఆ పద్ధతి మార్చుకుంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 ఇన్‌స్టాలర్‌లో అలాంటి ఫైళ్లున్నాయి. ఆ మార్పుకు అభ్యంతరం చెప్పినవాళ్ల మాటలో న్యాయముంది. నాలో నడిచేదేమిటో చదివి చూసే హక్కు నా యజమానికి ఉండాలి. 2013లో అథెరోస్ యూఎస్‌బీ చిప్పులు కొన్నిటికి ఫర్మ్‌వేర్ సోర్సు బయటికొచ్చింది. నాకూ ఆ రోజు రావాలి. అంతదాకా మనిషిని నెట్ లేకుండా వదిలేయడం మాత్రం సరికాదు.

డ్రైవర్లు రాసేవాళ్లకు ఒక మనవి. మీ పరికరానికి కావలసిన ప్రతి ఫైలు పేరునూ మాడ్యూల్_ఫర్మ్‌వేర్ మాక్రోతో ప్రకటించండి. రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కాకముందు కెర్నెల్ వాడుకునే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను తయారుచేసే టూల్స్ ఆ పేర్లు చూసే ఫైళ్లను అందులో చేరుస్తాయి.