చూపుడు గదికి అద్దెంత?

హైదరాబాదులో ఒక పన్ను ఉంది. జీహెచ్‌ఎంసీ వేసింది కాదు, రసీదు ఇవ్వరు. ఒకరినొకరు ఇష్టపడి, ఒక్క గదిలో హాయిగా సర్దుకుపోగల ఇద్దరు మగవాళ్ళు డబుల్ బెడ్‌రూం ఎందుకు తీసుకుంటారో తెలుసా? రెండో గది చూపించడానికి. అందులో ఓ మంచం, కావాలని నలిపిన దుప్పటి, గోడకి ఓ చొక్కా. మోటరు చూసే మిషతో ఓనరుగారు లోపలికొస్తే సాక్ష్యం చెప్పేది ఆ గదే. పేటనిబట్టి దానికి నెలకి అయిదారు వేల నుంచి పదివేల దాకా అదనం. ఎవరూ పడుకోని మంచానికి ఇంత పోసేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు, అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు తప్ప.

పోనీ సింగిల్ బెడ్‌రూమే అడిగితే? "ఇద్దరు మగోళ్ళకి ఒక్క రూం ఎట్ల సరిపోతది?" అని ఓనరుగారికి ఎక్కడలేని చింత పట్టుకుంటుంది. ఆయనే అమీర్‌పేటలో హాస్టల్ పెట్టి, అంతే గదిలో ఆరుగురిని కుక్కుతారు. ఆరుగురైతే కోచింగ్, ఇద్దరైతే అనుమానం.

ఆడవాళ్ళ కష్టం ఇంకో రకం. ఇద్దరమ్మాయిలు అక్కచెల్లెళ్ళమని చెప్పి దిగితే ఓనరమ్మ మురిసిపోతుంది. "ఎంత అన్యోన్యంగా ఉంటారో తల్లీ, మా కోడళ్ళకి మీరే చెప్పాలి" అంటుంది. మూడోనెల సంబంధం తెస్తుంది. డాలస్‌లో అన్నదమ్ములట, ఇద్దరూ ఒకే కంపెనీ. "ఒకే ఇంటికి పోతే విడిపోయే బాధుండదు కదా!" ఆమె మనసు వెన్న. అమ్మాయిలు మాత్రం ఆ వారమే మరో ఇల్లు వెతుక్కుంటారు. పెయింటింగని చెప్పి అడ్వాన్సులో నెల అద్దె కోత.

బోరబండలోనో యూసఫ్‌గూడలోనో అద్దె అందుబాటులో ఉంటుంది, కానీ ఎదురు బాల్కనీ కూడా అందుబాటులోనే ఉంటుంది. గచ్చిబౌలి టవర్లలో పక్కింటివాళ్ళెవరో ఎవరికీ పట్టదు. ఆ పట్టకపోవడాన్నే చదరపు అడుగుల లెక్కన అమ్ముతున్నారు. జూన్ వస్తే, ప్రైడ్ నెల కదా, అక్కడి ఆఫీసుల లోగోలు ఇంద్రధనుస్సు రంగుల్లో మెరుస్తాయి. ఎల్‌జీబీటీ ఉద్యోగుల మీద ఉపన్యాసం విని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిన మేనేజరుకి మణికొండలో రెండు ఫ్లాట్లు. టూలెట్ బోర్డు మీద 'ఫ్యామిలీస్ ఓన్లీ'.

అబద్ధం చెప్పి అయినా తలదాచుకునే వీలు చాలామంది ట్రాన్స్‌జెండర్లకి ఉండదు. 2017లో కొచ్చి మెట్రో ఇరవైమందికి పైగా ట్రాన్స్‌జెండర్లకి ఉద్యోగాలిస్తే దేశమంతా మెచ్చుకుంది. నెల తిరక్కుండానే ఎనిమిదిమంది మానేశారు. ఊళ్ళో ఇల్లిచ్చే నాథుడు లేక, రోజుకింతని లాడ్జీలకి పోస్తే జీతం చాలక. రైలెక్కే జనం టికెట్టు తీసుకున్నారు వాళ్ళలో కొందరి చేతి నుంచే. అద్దె తీసుకోవడానికే ఎవరి చెయ్యీ రాలేదు.

చట్టం లేదా అంటే ఉంది. 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం మూడో సెక్షన్ ఇల్లు అద్దెకివ్వడంలో వివక్ష చూపకూడదంది. శిక్షల జాబితా పద్దెనిమిదో సెక్షన్లో ఉంది. ఉన్న ఇంట్లోంచి బలవంతంగా వెళ్ళగొడితే ఆర్నెల్ల నుంచి రెండేళ్ళ జైలు. మొదటే ఇవ్వనంటే? ఆ జాబితాలో దాని ఊసు లేదు. చట్టాన్ని గౌరవించే ఓనరు చేయాల్సిందల్లా గేటు తీయకపోవడమే. గేలకీ లెస్బియన్లకీ ఇంటి ఓనరును నిలదీయడానికి ఆ మూడో సెక్షన్ పాటి కాగితం కూడా లేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. స్వలింగ జంటల పెళ్ళి కేసులో ముందు నిలబడిన జంట హైదరాబాదుదే. అది పార్లమెంటు తేల్చాల్సిన విషయమని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు వాళ్ళని పంపేసింది. ఆ మరుసటి ఏడాది కేంద్రానికి జాలి కలిగింది. ఇలాంటి జంటల్ని రేషన్ కార్డు వరకు ఒకే కుటుంబంగా చూడమని రాష్ట్రాలకి రాసింది. అంటే బియ్యం తూకం దగ్గర వాళ్ళు భేషుగ్గా ఆలుమగల లెక్కే.

కాకపోతే కార్డుకి చిరునామా కావాలి. చిరునామాకి అగ్రిమెంటు కావాలి. అగ్రిమెంటు మీద ఓనరు సంతకం కావాలి. ఆయన కలం మూత తీసి, కళ్ళజోడు పైనుంచి చూసి అడుగుతాడు: "ఇంతకీ మీరిద్దరూ ఏమవుతారు బాబూ?"

"బావాబామ్మర్దులమండీ."

"అట్లనా! మరి చెల్లెమ్మ ఏది, పుట్టింట్ల ఉన్నదా?"