గార తీస్తే గోడ కూలుతుందట!

క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయన్న సిద్ధాంతానికి మా పేటలో ఆస్థాన పండితుడు మా మావయ్య. "మా తోడల్లుడు నిక్షేపంలాంటి నోటితో వెళ్లాడ్రా, ఊగే పళ్లతో తిరిగొచ్చాడు" అంటూ నోరు తెరిచినప్పుడల్లా ఆయన కింది ముందుపళ్ల వెనక పసుపుపచ్చటి గార, మేస్త్రి తాపీతో మెత్తినట్టు, దర్శనమిస్తుంది. పంటికీ పంటికీ మధ్య సందన్నదే లేదు. ఏకశిలా నిర్మాణం.

గోడకి గార బలమే. పంటికి పట్టే గార మాత్రం, తోమకుండా వదిలేసిన పాచి ఉమ్మిలోని ఖనిజాలతో రాయిగా మారినదే. ఆ రాయి మీద మళ్లీ పాచి, అంతా బతికున్న సూక్ష్మజీవులే. సూక్ష్మదర్శినితో పేరుపడ్డ లీవెన్‌హుక్ 1683లోనే తన పళ్ల పాచిలో అవి ఈదులాడడం చూసి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. మావయ్యకింకా కబురందలేదు.

ఆ పాచి చిగుళ్లనేం చేస్తుందో చూడాలని 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లోయె అనే దంత పరిశోధకుడి బృందం 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించింది. మూడు వారాలు తిరిగేసరికి అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమితే వారం పదిరోజుల్లో తగ్గాయి.

చిగుళ్లలో రక్తం కనిపిస్తే మావయ్య వైద్యం వేరు: ఆ పక్కకి బ్రష్ పోనివ్వరు. పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బాక్టీరియాకి ఇంతకన్నా అల్లుడి మర్యాద ఉండదు. రక్తంలోని ఇనుమే దాని భోజనం. మన రక్షణ ప్రొటీన్లను ముక్కలు చేసే ఎంజైములూ దాని దగ్గరున్నాయి. దాన్ని పట్టుకోడానికొచ్చిన తెల్లకణాలు విడిచే ఎంజైములు చిగురు నారల్నే కరిగిస్తాయి. ఆ రభసలో మన కణాలే దవడ ఎముకని తొలిచేస్తాయి. దొంగ కోసమొచ్చిన పోలీసులు ఇల్లు పీకి పందిరేస్తారన్నమాట.

(చుట్ట కాల్చేవారు "మాకు రక్తమే రాదు" అని మీసం తిప్పుతారు. పొగాకు రక్తాన్ని దాస్తుంది, ఎముకని ఇంకా తొందరగా పోగొడుతుంది.)

ఎముక అంతా జారిపోయి, పళ్లు గార ఆసరాతో నిలబడ్డాక తోడల్లుడుగారు డాక్టరు దగ్గరికెళ్లారు. రాయి తీశాక వాపు దిగింది, సందులు బయటపడ్డాయి. తప్పెవరిది? క్లీనింగ్‌ది! పంచనామా రాసినవాడే హంతకుడు!

మొన్న సంక్రాంతికి మావయ్య కింది పన్నొకటి మెత్తటి అరిసెలో ఉండిపోయింది. ఆయన ఇంతవరకూ క్లీనింగ్ చేయించుకోలేదు.