రాత లేక రథము రాదు పోదు: సటీకా తాత్పర్యము

అవతారిక

విజయనగరం వ్యాఖ్యానాల ఊరు. మహారాజా వారి సంస్కృత కళాశాల ఇక్కడ ఉంది. తాతా సుబ్బరాయశాస్త్రి గారి వంటి మహావైయాకరణులు పాఠం చెప్పిన నేల ఇది. అలాంటి చోట ఒక సర్వీస్ సెంటర్ జాబ్ కార్డు వెనకవైపు బాల్‌పెన్నుతో రాసిన ఆటవెలది ఒకటి టీక లేకుండా పడి ఉండడం ఊరికి అప్రతిష్ఠ. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం.

కవి పేరు చెప్పం. ఆయన ఇంకా ఆ కారులోనే తిరుగుతున్నాడు. డీలరు పేరు అసలే చెప్పం. పద్యంలో లేని పేరు టీకలోకి రాకూడదు. కార్డుకి ముందువైపు మాత్రం సర్వీస్ అడ్వైజరు రాసిన వచనం ఒకటుంది: “నాయిస్ అంటున్నారు. చెక్ చేశాం. ఓకే.” ఆ వచనం చదివిన కోపంలోనే కార్డు తిరగేసి కవి ఈ పద్యం రాశాడని పెద్దల అభిప్రాయం.

గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన పర్వతాలపేట పక్కనున్న శ్రీకాకుళం జిల్లాలోనిదే. కనుక ప్రతిపదార్థం, తాత్పర్యం వరకే గ్రాంథికం. తక్కినదంతా వాడుక భాష.

మూలము

ఆ. కొత్త కారు కొంటి కోరిన రంగులో
కుడిన మోత పుట్టె కోట దాట
చూపబోవ మాయు చోద్యమౌ నీ మోత
రాత లేక రథము రాదు పోదు

ప్రతిపదార్థము

కొత్త కారు = సీట్లపై ప్లాస్టిక్ కవరు ఇంకను తీయని వాహనమును; కోరిన రంగులో = ఏ రంగుకై నెలల తరబడి వేచియుంటినో ఆ రంగులో; కొంటి = బ్యాంకు వారి సొమ్ముతో కొంటిని; కోట దాట = కోటను దాటగా; కుడిన = డ్రైవరు వైపున; మోత = కొన్ననాడు లేని శబ్దము; పుట్టె = జన్మించెను; చూపబోవ = సర్వీస్ అడ్వైజరునకు వినిపింపబోగా; మాయు = మాయమగును; ఈ మోత; చోద్యమౌను = వింతయగును; రాత లేక = వ్రాతపూర్వకమైన ఆధారము లేక; రథము = ఆ కారు; రాదు = బాగుపడి ఇంటికి రాదు; పోదు = డీలరు వద్దకు తిరిగి పోదు.

టీక

‘కోరిన రంగులో’: కవి మొదటి పాదంలోనే తన స్వభావం బయటపెట్టుకున్నాడు. షోరూములో ఆయన చూసింది రంగు. చాసిస్ నంబరు చూడలేదు, తయారైన నెల చూడలేదు, డెలివరీకి ముందు కంపెనీ వాళ్లు చేయవలసిన తనిఖీ కాగితం అడగలేదు. పైడితల్లి అమ్మవారి గుడి ముందు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. ఆదివారం నాడు అరసవల్లి తీసుకెళ్లి సూర్యనారాయణస్వామికి చూపించాడు. ఇవన్నీ చేయవలసినవే. కాని దిష్టి తీయడం వేరు, తనిఖీ చేయడం వేరు.

నిమ్మకాయ ప్రస్తావన వచ్చింది గనక ఒక విశేషం. అమెరికాలో బాగుచేసినా బాగుపడని కొత్త కారుని నిమ్మకాయ అంటారు. దాని కోసం అక్కడ రాష్ట్రాలకు ప్రత్యేక చట్టాలే ఉన్నాయి. 1982లో కనెక్టికట్ రాష్ట్రం మొదలుపెట్టింది. ఒకే దోషానికి ఇన్నిసార్లు రిపేరుకి తెచ్చినా కుదరకపోతే, లేదా కారు ఇన్ని రోజులు షెడ్డులోనే ఉండిపోతే, కంపెనీ దాన్ని వెనక్కి తీసుకోవాలని అక్కడ లెక్క కట్టి రాసి ఉంటుంది. మనకి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. లెక్క చట్టం కట్టదు కాబట్టి కొన్నవాడే కట్టుకోవాలి. నాలుగో పాదానికి మూలం ఇదే.

‘కోట దాట’: ఇక్కడ వ్యాఖ్యాతల మధ్య పెద్ద తగవుంది. కోట అంటే 1713లో పునాది పడిందని చెప్పే విజయనగరం కోటే అని ఒక పక్షం. కాదు, శృంగవరపుకోట అని మరో పక్షం. ఇది ఊరి పేర్ల పేచీగా కనిపిస్తుంది గాని, మెకానిక్కుకి కావలసిన సంగతంతా ఇందులోనే ఉంది. ఇంటి నుంచి బయల్దేరి ఊళ్లో కోట దాటగానే మోగితే అది చల్లని ఇంజనులో పుట్టిన మోత. సుమారు 30 కిలోమీటర్లు నడిచి ఎస్.కోట దాటాక మోగితే వేడెక్కిన తర్వాత పుట్టిన మోత. రెండు రోగాలకీ మందు ఒకటి కాదు. ‘కోట దాట’ అని ఊరుకోవడం కవికి ధ్వని, కారు యజమానికి నష్టం. ఏ స్పీడులో, ఏ గేరులో, ఎంత దూరం నడిచాక, ఏసీ వేసి ఉన్నప్పుడా లేనప్పుడా అన్నది చెబితేనే అది ఫిర్యాదు అవుతుంది.

‘కుడిన’: ఇది మంచి ప్రయోగం. వైపు చెప్పాడు. కాని ఇంకొక్క అడుగు వేసి ఉండవలసింది. వీల్ బేరింగు పాడైతే హోరు వస్తుంది, వేగంతో పాటు పెరుగుతుంది. కారుని ఎడమకి తిప్పినప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది. హోరు అప్పుడు హెచ్చితే కుడి బేరింగుని అనుమానించాలి. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టకటకలాడితే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. స్పీడ్ బ్రేకరు దిగినప్పుడు డబ్బున కొడితే సస్పెన్షన్ లింకులు, బుష్‌లు. కవి వీటన్నింటినీ ‘మోత’ అనే ఒక్క మాటలో పెట్టేశాడు.

పాఠాంతరము: లారీలకు పేరుపడ్డ సాలూరులో దొరికిన ప్రతిలో ‘మోత’కు బదులు ‘సప్పుడు’ అని ఉంది. గణభంగం జరుగుతుంది కనుక పండితులు ఒప్పుకోరు. సాలూరు మెకానిక్కుల వాదం వేరు: “గణాలు ఒగ్గేయండి బావూ. ఏటి సప్పుడో సెప్పండి. గరగరా, కిటకిటా, గుయ్యిమంతందా?” ఛందస్సుకి నిలవకపోయినా రోగనిదానానికి ఈ పాఠమే మేలు.

‘చూపబోవ మాయు’: పద్యానికి ప్రాణం ఈ పాదం. సర్వీస్ సెంటరు గేటు దాటగానే కారు అత్తారింటికొచ్చిన కొత్త అల్లుడి మర్యాద చూపిస్తుంది. దీనికి విరుగుడు మూడు. మోత వచ్చినప్పుడే ఫోనులో వీడియో తీయడం, అందులో స్పీడోమీటరు, ఓడోమీటరు కనబడేలా చూసుకోవడం. హెచ్చరిక దీపం వెలిగితే కారు కంప్యూటరులో నిలవుండే దోషాల కోడ్లని చెరిపేయక ముందే ప్రింటు తీయించుకోవడం. అడ్వైజరుని పక్కన కూర్చోబెట్టుకుని మోత వచ్చే దారిలోనే నడపడం. సర్వీస్ సెంటరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ‘టెస్ట్ డ్రైవ్ అయింది’ అంటే ఒప్పుకోకూడదు. ప్రదక్షిణం గుడికి.

‘రాత’: ఇక్కడ శ్లేష. వ్రాత అని ఒకటి, తలరాత అని ఒకటి. మొదటిది లేనివాడికి రెండోదే మిగులుతుంది. వ్రాత అంటే జాబ్ కార్డు, ఇన్‌వాయిసు, కంపెనీకి పంపిన ఈమెయిలు, దానికొచ్చిన జవాబు. శ్రీకాకుళం నుంచి విశాఖ సర్వీస్ సెంటరుకి తిరిగేవాళ్లకి నాతవలస టోలుగేటు దగ్గర కట్టిన ఫాస్టాగ్ పద్దు కూడా వ్రాతే. తేదీ, వేళ అందులో పడి ఉంటాయి.

జాబ్ కార్డులో ‘నాయిస్ అంటున్నారు’ అన్నదాన్ని ఫిర్యాదుగా తీసుకోలేం, అది వదంతి. “60 దాటాక కుడి ముందు చక్రం దగ్గర గరగర, ఎడమకి తిప్పితే ఎక్కువ” అని మన మాట మన మాటగా రాయించాలి. గిడుగు వారు బడి పుస్తకం కోసం చేసిన పోరాటం మనం కౌంటరు దగ్గర చేయాలి. వాడుక భాషలో చెప్పింది వాడుక భాషలోనే కాగితం మీద పడాలి. కారు తెచ్చుకునేటప్పుడు కూడా ఏ పార్టు మార్చారో, ఏం చూశారో రాసిన కాగితం తీసుకున్నాకే సంతకం.

అలంకారము: సర్వీస్ సెంటరు మాట ప్రకారం ఇది విభావన. కారణం కనబడకుండానే కార్యం, అంటే మోత, పుట్టింది. కవి మాట ప్రకారం విశేషోక్తి. కారణం, అంటే రిపేరు, పుష్కలంగా జరిగినా కార్యం, అంటే బాగుపడడం, పుట్టలేదు. ఏది నిజమో తేల్చవలసింది ఆలంకారికులు కారు, నిపుణుడైన తటస్థుడు.

పూర్వపక్ష సిద్ధాంతములు

పూర్వపక్షం: “ఈ మోడల్ కార్లన్నిటికీ ఇంతేనండి.”
సమాధానం: అయితే అదే మోడల్ డెమో కారులో కోట దాటిద్దాం. మోగితే ‘మోడల్ లక్షణం’ అని రాసివ్వండి. మోగకపోతే ‘ఈ కారు దోషం’ అని రాసివ్వండి.

పూర్వపక్షం: “మీ వైపు రోడ్లు బాగోవండి.”
సమాధానం: ఆ రోడ్లు చూసే కదా ఈ జిల్లాలో షోరూము తెరిచారు.

పూర్వపక్షం: “బయట లైట్లు, హారను వేయించారు. వారంటీ పోయింది.”
సమాధానం: వైరింగు తెంపి అతికిస్తే ఆ వైరింగు మీద మాట పడడం న్యాయమే. చక్రం బేరింగుకీ హారనుకీ సంబంధమేమిటో మాత్రం రాసి చూపించాలి.

పూర్వపక్షం: “వారంటీలో పార్టు మారుస్తాం గాని కారు మార్చం.”
ఇది మాత్రం బలమైన వాదం. క్లచ్చి దోషం మీద నడిచిన ఒక మారుతి కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ మాటే అంది. వారంటీ షరతు చెడిన భాగం వరకే కనుక కారంతా మార్చమన్న ఆదేశం నిలవదని చెప్పింది.

సిద్ధాంతం: అయినా దారి మూసుకుపోలేదు. ఫియట్ కారు ఇంజను శబ్దం మీద వచ్చిన కేసులో అదే న్యాయస్థానం 2010లో ఇంకొక మాట చెప్పింది. స్వతంత్ర నిపుణుడు పరీక్షించి తయారీలోనే దోషముందని తేలిస్తే ధరతో పాటు జీవితపన్ను కూడా 12 శాతం వడ్డీతో తిరిగి ఇవ్వాలని. రెండు తీర్పులకీ పొత్తు కుదర్చడం వ్యాఖ్యాత పని. భాగం మార్చితే పోయే దోషానికి భాగమే దక్కుతుంది. ఎన్ని భాగాలు మార్చినా పోని దోషానికి కారు మార్పిడి గాని డబ్బు గాని అడగవచ్చు. ‘ఎన్ని మార్చినా పోలేదు’ అని నోటితో చెబితే చాలదు, జాబ్ కార్డుల కట్ట చెప్పాలి.

2020 జులై 20 నుంచి అమలులో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 39వ సెక్షన్ ఫలాలన్నీ వరసగా చెప్పింది: దోషం తీయించడం, కొత్త వస్తువు ఇప్పించడం, ధర వెనక్కి ఇప్పించడం, నష్టపరిహారం. పరీక్ష లేకుండా దోషం తేలదనుకుంటే కమిషనే పరీక్షకు పంపుతుంది. ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. కంపెనీ గుర్గావ్‌లో ఉన్నా చెన్నైలో ఉన్నా శ్రీకాకుళంవాళ్లు శ్రీకాకుళంలో, విజయనగరంవాళ్లు విజయనగరంలో ఫిర్యాదు వేయవచ్చు. నివాసం ఉన్న చోట వేసే హక్కు ఈ చట్టం ఇచ్చింది. కట్టిన ధర 5 లక్షల దాకా రుసుము లేదు. 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400. గడువు రెండేళ్లు.

వ్యాకరణ విశేషము: తెలుగులో ద్వివచనం లేదు గాని ఈ ఫిర్యాదులో ఉండాలి. డీలరు, తయారీ కంపెనీ, ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. 2009లో తయారైన కారుని 2011లో కొత్త మోడల్‌గా అంటగట్టిన గోవా కేసులో, డీలరు చేసినది టాటా మోటార్స్‌కి తెలుసునని రుజువు లేదు కనుక కంపెనీని బాధ్యుణ్ణి చేయలేమని సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. ఏకవచనం రాసినవాడికి ‘ఆయన్ని అడగండి’ అనే జవాబే వస్తుంది.

ఉదాహరణము

హైదరాబాద్‌లో జి.వి.ఆర్. ఇండియా ప్రాజెక్ట్స్ అనే సంస్థ 2009 సెప్టెంబరు 25న బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కొంది. సెప్టెంబరు 29నే దోషం బయటపడింది. నవంబరులో మళ్లీ. ఆ నెలలోనే మోసమంటూ పోలీసు కేసు పెట్టింది. 2012 మార్చిలో హైకోర్టు ఆ కేసు కొట్టేసి, పాతది తీసుకుని సరికొత్త 7 సిరీస్ కారు ఇమ్మంది. కంపెనీ ఇస్తామంది. కొన్నవారు కారు వద్దు, వడ్డీతో డబ్బు కావాలన్నారు. వ్యాజ్యం సుప్రీంకోర్టుకి చేరింది. 2024 జులై 10న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం కంపెనీ 50 లక్షలు ఇచ్చి వివాదం ముగించాలని చెప్పింది. పాత కారు అప్పటికే డీలరు దగ్గరకి తిరిగి వెళ్లింది. నాలుగు రోజుల్లో కనబడిన దోషం తీరడానికి దాదాపు పదిహేనేళ్లు పట్టింది.

ఇందులో గ్రహించవలసింది రెండు. వస్తువు దోషాన్ని మోసం నేరంగా మలిస్తే దారి పొడుగవుతుంది. వినియోగదారుల కమిషన్ అందుకే ఉంది. ఇక, చేతికందిన కొత్త కారుని వద్దనే ముందు అది ఎంత గొప్ప జవాబో ఒకసారి ఆలోచించుకోవాలి.

తాత్పర్యము

ఓ పాఠకుడా! కోరిన రంగులో కొత్త కారు కొంటిని. కోట దాటగానే కుడివైపు మోత పుట్టినది. వినిపింపబోతే మాయమగుచున్నది. నోటితో ఎంత మొత్తుకొన్నను ఆ కారు బాగుపడి రాదు, తిరిగి పోదు. కాగితమే దానిని కదిలించును అని భావము.

ఫలశ్రుతి

దీన్ని చదివినవాళ్ల కార్లు మోగవని చెప్పలేం. చదివి ఆచరించినవాళ్లకి కమిషన్ ముందు నోరు మూగబోదు. కనుక కౌంటరు దగ్గర నుంచి కదిలే ముందు జాబ్ కార్డు ఒక్కసారి పైకి చదవండి. మీ మాట అందులో లేకపోతే సంతకం పెట్టకండి. రాయనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తెలుగులోనే చెప్పవచ్చు.