వీపు మీద పది

నా కథకు ఆత్మకథ అనే పేరు అతికినంత బాగా ఇంకెవరి కథకూ అతకదు. చిరిగిన బట్ట విడిచి కొత్త బట్ట కట్టుకున్నట్టు ఆత్మ ఒళ్లు మారుస్తుందని మీ పెద్దవాళ్లు చెబుతుంటారు కదా, నా బతుకు అక్షరాలా అంతే. ఎన్ని చొక్కాలు మారానో లెక్కలేదు. చెమటకు తడిసి ముద్దయినవి, గడ్డి మరక వదలనివి, ఆట ముగిశాక అవతలి జట్టు అమ్మాయికి ఇచ్చేసినవి. చొక్కా వెళ్లిపోయేది, నేను మిగిలేదాన్ని. నేను నంబరును. పదిని. జపాన్ మహిళల ఫుట్‌బాల్ జట్టు నీలం జెర్సీ మీద, హొమారే సావా వీపున ఉన్న పదిని.

మా వంశం చిన్నదేం కాదు. పెలే వీపు మీద ఉన్నదీ మారడోనా వీపు మీద ఉన్నదీ మేమే. ఆట వేరైనా మీ సచిన్‌దీ మా నంబరే. గొప్పలు సరే, వీపు మీద బతికేవాళ్లకు ఒక శాపం ఉంది. ఆటంతా ముందు జరుగుతుంది, మాకు కనబడేది వెనక. ఛాతీ మీద నా తమ్ముడున్నాడు, చిన్న పది. గోల్ స్తంభాలు, ఊగే వల, ఎదుటి గోల్‌కీపర్ మొహంలో కంగారు, అన్నీ వాడి సొత్తు. ఆట అయ్యాక ఉతుకుడు బట్టల సంచిలో వాడు కథలు కథలుగా చెబుతుంటే నేను ఊకొట్టేదాన్ని. నాకు కనబడింది ఒక్కటే, సావా వెనక పరుగెత్తుకొచ్చే ఆడపిల్లల మొహాలు. పదహారేళ్లు అవే చూశాను. అందుకని ఈ కథలో గోల్స్ కొంచెం తక్కువగా, మొహాలు కొంచెం ఎక్కువగా ఉంటే ఏమీ అనుకోకండి.

నేను లేని రోజుల సంగతి విన్నంత వరకే చెప్తాను. సావా 1978 సెప్టెంబరు 6న టోక్యోలోని ఫుచూలో పుట్టింది. హొమారే అంటే కీర్తి. మీ ఊళ్లలో ఉన్న కీర్తులందరికీ పేరులో చుట్టమన్నమాట. అన్నయ్య బంతి వెంట పడుతుంటే తనూ పడింది, మగపిల్లల జట్టులోనే ఆట నేర్చుకుంది. పన్నెండేళ్లకే యొమియురి బెలెజా క్లబ్బులో పెద్దవాళ్ల పక్కన ఆడేది. 1993 డిసెంబరులో, పదిహేనేళ్ల వయసులో, ఫిలిప్పీన్స్ మీద దేశం తరఫున మొదటి మ్యాచ్. నాలుగు గోల్స్. 1995లో స్వీడన్‌లో ఆమెకు తొలి ప్రపంచకప్, మరుసటేడు అట్లాంటా ఒలింపిక్స్. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి నేను ఆమె వీపు మీదికి చేరాను.

చేరిన వేళ బాగోలేదు. 1999 ప్రపంచకప్‌లో జపాన్ చతికిలబడింది, దాంతో సిడ్నీ ఒలింపిక్స్ బెర్తు పోయింది. దేశంలో ఆర్థిక మాంద్యం. మహిళా జట్లను పోషించే కంపెనీలు ఒక్కొక్కటే చేతులు దులుపుకున్నాయి. ఆడేందుకు చోటు కరువైతే ఆటగాళ్లు ఏం చేస్తారు? సావా చదువు మధ్యలో వదిలేసి అమెరికా విమానమెక్కింది. మొదట డెన్వర్, తర్వాత 2001లో మొదలైన అక్కడి ప్రొఫెషనల్ లీగులో అట్లాంటా బీట్. మూడు సీజన్లు గడిచాక, సరిగ్గా 2003 ప్రపంచకప్ ముందు ఆ లీగే మూతపడింది. క్లబ్బు చొక్కాల కథలు ఆ చొక్కాలు చెప్పుకోవాలి, నాకు సంబంధం లేదు. దేశం పిలిచినప్పుడల్లా వచ్చేది, నన్ను తొడుక్కునేది.

2004 ఏప్రిల్ 24 మాత్రం నిన్నటిలా గుర్తుంది. టోక్యో నేషనల్ స్టేడియంలో ఉత్తర కొరియాతో ఆట. గెలిస్తే ఏథెన్స్ ఒలింపిక్స్, ఓడితే మళ్లీ చీకటి. అప్పటిదాకా మహిళల ఆటకు ఖాళీ కుర్చీలు చూడడం అలవాటైన నాకు ఆ రోజు వెనక్కి చూస్తే జనం, జనం. 31,324 మంది. సావా మోకాలిలో మెత్తటి ఎముక దెబ్బతిని ఉంది. నొప్పి తెలియకుండా మందు పడింది. ఆ సంగతి తెలిసినవాళ్లు వెనక నుంచి ఆమె కాలి వంకే చూస్తుండేవాళ్లు. కాసేపటికి ఆ చూపులు మానేశారు. ఆమె అవతలివాళ్ల మీద పడి బంతి లాక్కున్న తీరు చూశాక కాలు గురించి బెంగ పెట్టుకోవడం దండగ అనిపించి ఉంటుంది. 3-0తో గెలిచాం.

ఆ ఏడాదే జట్టుకు పేరు పెట్టమని ప్రజల్ని అడిగారు. ‘నదెషికో’ అని తేలింది. గులాబి రంగులో, అంచులు చీలికలుగా ఉండే ఓ సుకుమారమైన పువ్వు అది. ఒద్దికైన ఇల్లాలిని ఆ పువ్వుతో పోల్చడం జపాన్‌లో పాత అలవాటు. బురదలో జారుతూ బంతి లాక్కునే ఈ పిల్లలకు ఆ పేరేమిటా అని నాకు నవ్వొచ్చింది. తర్వాత్తర్వాత ఆ మాట వినగానే జనానికి ఇల్లాలికి బదులు ఫుట్‌బాల్ గుర్తుకు రావడం మొదలైంది, అది వేరే సంగతి.

2008లో నోరియో ససాకి కోచ్‌గా వచ్చి సావాను వెనక్కి జరిపాడు. గోల్ దగ్గర మెరవాల్సిన పదో నంబరును తెచ్చి, రక్షణ వరుసకు ముందు కాపలా పెట్టాడు. జపాన్‌వాళ్లు ఆ చోటును ‘బొరాంచి’ అంటారు. బ్రెజిల్ నుంచి వచ్చిన మాట, స్టీరింగ్ చక్రం అని అర్థం. మొదట నాకు చిన్నతనంగా తోచింది. వడ్డించే చేతికి అంట్లగిన్నెలు ఇచ్చినట్టు. అవతలి జట్టు దాడుల్ని మొదట్లోనే తుంచేయడం, చిందరవందరగా వచ్చిన బంతిని సర్ది ముందుకు పంపడం, ఇవన్నీ చప్పట్లు పడని పనులు. కానీ మైదానం నడుమ నిలబడి ఏ పక్కకు తిప్పాలో తేల్చే చక్రమే లేకపోతే ఎంత మంచి ఇంజనయినా గుంటలోకే పోతుందని తర్వాతి మూడేళ్లలో నాకు తెలిసొచ్చింది.

2008లోనే బీజింగ్ ఒలింపిక్స్. సెమీస్‌లో అమెరికా చేతిలో ఓడి, కాంస్యం కోసం జర్మనీతో ఆడాలి. ఆ ఆటకు ముందు సావా జట్టు పిల్లలతో అన్న మాట జపాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కష్టమనిపిస్తే నా వీపు చూడండి అంది. చెప్పొద్దూ, నా పుట్టుకలో నేను అంత గర్వపడిన క్షణం లేదు. వీపు అంటే ఎవరు? నేనే కదా. ఆ రోజు 0-2తో ఓడిపోయాం. అయినా ఊపిరి అందని పిల్లలు తల ఎత్తి, నా వంక చూసి, మళ్లీ పరుగందుకోవడం నేను కళ్లారా చూశాను. కెప్టెన్ పట్టీ అప్పుడింకా ఆమె చేతికి లేదు.

ఇక 2011. ఆ మార్చి 11న తోహోకు తీరాన్ని భూకంపం, సునామీ ముంచేశాయి. అణువిద్యుత్ కేంద్రం పేలుళ్లు సరేసరి. మా జట్టులో అయా సమెషిమా ఆడే క్లబ్బు ఆ కేంద్రం నడిపే కంపెనీదే. కరీనా మరుయామా ఒకప్పుడు ఆ కేంద్రంలోనే ఉద్యోగం చేసింది. జూన్ చివర్లో జర్మనీలో ప్రపంచకప్ మొదలయ్యేనాటికి ఊళ్లింకా శిథిలాలే. ప్రతి మ్యాచ్ అయ్యాక, ప్రపంచమంతటా ఉన్న మిత్రులకు కృతజ్ఞతలు అని రాసిన బ్యానర్ పట్టుకుని పిల్లలు మైదానం చుట్టూ తిరిగేవాళ్లు.

మెక్సికో మీద సావాది హ్యాట్రిక్, 4-0. తర్వాత ఇంగ్లండ్ చేతిలో ఓడాం. క్వార్టర్ ఫైనల్లో ఎదురుపడింది జర్మనీ. రెండుసార్లు వరుసగా కప్పు గెలిచిన జట్టు, పైగా సొంత గడ్డ. ఆటకు ముందు ససాకి సునామీ దృశ్యాలు చూపించాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మామూలు సమయం గోల్ లేకుండా గడిచింది. 108వ నిమిషంలో సావా బంతిని రక్షణ వరుస వెనక్కి లేపి పంపింది. నాకు కనబడిందల్లా మరుయామా మొహం. వెనక నుంచి దూసుకొచ్చి, నా పక్కగా దాటి మాయమైంది. ఆ పైన స్టేడియం ఒక్కసారిగా మూగబోయింది. ఆతిథ్య జట్టు మీద గోల్ పడితే ఎలా ఉంటుందో చెవులతోనే తెలిసింది.

సెమీస్‌లో స్వీడన్‌తో ఆటలో పదో నిమిషంలో సావా ఇచ్చిన పాస్ అవతలివాళ్లకు చిక్కి, గోలయింది. పెద్దవాళ్ల తప్పు పిల్లల ముందు జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. వెనకున్న ఒక్క మొహంలోనూ విసుగు లేదు, ఆ సంగతికి సాక్షిని నేను. మా కవసుమి ఒకటి వేసి లెక్క సరిచేసింది, సావా తలతో రెండోది, కవసుమి మళ్లీ మూడోది. 3-1.

జూలై 17, ఫ్రాంక్‌ఫర్ట్. 48,817 మంది జనం. అవతల అమెరికా. అంతకుముందు వాళ్లతో ఇరవై అయిదు సార్లు తలపడితే ఇరవై రెండు ఓటములు, మూడు డ్రాలు. అలెక్స్ మోర్గన్ గోల్‌కి మా అయా మియామా బదులిచ్చింది. అదనపు సమయంలో అబీ వాంబాక్ తలతో కొట్టి మళ్లీ వెనక్కి నెట్టింది. 117వ నిమిషంలో ఎడమ పక్క కార్నర్ దక్కింది.

మియామా బంతిని దగ్గరి స్తంభం వైపు కొడుతుందని సావాకు తెలుసు. గుంపులోంచి విడివడి ఒక్క ఉరుకు ఉరికింది. మొహం కార్నర్ జెండా వైపు, వీపు గోల్ వైపు తిరిగాయి. కుడికాలు గాల్లో లేచింది, పాదం బయటి అంచు బంతిని తాకింది. అంత గట్టిగా కూడా కాదు, తలుపు గొళ్లెం తీసినట్టు. బంతి మమ్మల్ని దాటి వెనక్కి, నా వైపుకి, మనుషుల సందులోంచి పోయి వలలో పడింది. నా మొత్తం బతుకులో నేను చూసిన గోల్ అది. తమ్ముడికి కనబడింది కార్నర్ జెండా, దాని పక్కన మియామా. ఆ రాత్రి సంచిలో వాడు నోరు మూసుకుని వింటే నేను చెప్పాను.

మిగతాది మీకు తెలిసే ఉంటుంది. ఆఖరి నిమిషంలో మోర్గన్‌ను పడేసినందుకు మా ఇవషిమిజుకు రెడ్ కార్డు, ఆపైన పెనాల్టీలు. పెనాల్టీ అంటే సావాకు ఇష్టం లేదు, వరుసలో నిలబడి చూసిందంతే. నేను యథాప్రకారం అటు తిరిగి ఉన్నాను, మా వెనక ఖాళీ సగం మైదానాన్ని చూస్తూ. మా గోల్‌కీపర్ కయిహొరి కాలితో ఒకటి ఆపిందని, అమెరికా పిల్ల లాయిడ్ కొట్టింది పైకి పోయిందని, హీత్‌దీ కయిహొరి ఆపిందని అరుపులను బట్టి కట్టుకున్న లెక్క. నా మీద వేసి ఉన్న పక్కవాళ్ల చేతులు ఎప్పుడు బిగిశాయో, ఎప్పుడు వదిలాయో, నా స్కోరుబోర్డు అదే. మా ఇరవయ్యేళ్ల కుమగయి కొట్టిన చివరి బంతికి ఆ చేతులన్నీ ఒక్కసారి విడిపోయి, పరుగు మొదలైంది. 3-1. సీనియర్ ప్రపంచకప్ ఆసియాకు రావడం మగాళ్లలోనూ ఆడాళ్లలోనూ అదే మొదలు. అయిదు గోల్స్‌తో బంగారు బూటు, ఉత్తమ క్రీడాకారిణిగా బంగారు బంతి, రెండూ ముప్ఫై రెండేళ్ల సావాకే.

సన్మానాలకు నన్ను పిలవలేదు. 2012 జనవరిలో జ్యూరిక్‌లో ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి బహుమతి అందుకునేందుకు కిమోనోలో వెళ్లింది. ఆసియా నుంచి ఆ బహుమతి తొలిసారి. కిమోనోకి నడుముకు చుట్టే ఓబీ ముడి సరిగ్గా వీపు మీదే పడుతుంది. నా చోటు ఆ రాత్రికి ముడిదన్నమాట. పట్టుబట్ట కాబట్టి ఊరుకున్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలు తల తిరుగుడు జబ్బు ఆమెను ఆటకు దూరం పెట్టింది. కోలుకుని లండన్ ఒలింపిక్స్‌కు బయల్దేరింది. ఒకే విమానంలో కుర్రాళ్ల జట్టు బిజినెస్ క్లాసులో, ప్రపంచ విజేతలు ఎకానమీలో. వయసును బట్టి చూసినా సీట్లు అటుదిటు కావాల్సిందని ఆమె నవ్వుతూనే విలేకరులతో అంది. టిక్కెట్లు కొన్నవాళ్ల పేరు నేనెత్తను. నేను సామాన్లలో, చీకట్లో. వెంబ్లీలో 80,203 మంది ముందు అమెరికాతో 1-2తో ఓడినా వెండి పతకం మెడలో పడింది. తిరుగు ప్రయాణంలో ఆడపిల్లలకు బిజినెస్ క్లాసు సీట్లిచ్చారు. పతకానికి అంత బరువుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

2015లో కెనడా, ఆమెకు ఆరో ప్రపంచకప్. బ్రెజిల్ ఫోర్మిగా, ఈమె తప్ప అప్పటికి ఆరు ప్రపంచకప్‌లు ఆడినవాళ్లు లేరు, మగవాళ్లను కలుపుకున్నా సరే. వాంకూవర్ ఫైనల్లో పదహారు నిమిషాలకే అమెరికా నాలుగు గోల్స్ వేసింది. 33వ నిమిషంలో సావాను దింపారు. పరుగెత్తుకుంటూ మైదానంలోకి వెళ్తుంటే మా వెనక ఉన్నది బెంచీ మీది పిల్లలు. ఆ మొహాలు బీజింగ్‌లో చూసినవే అనిపించింది. మనుషులు మారారు, చూపు మారలేదు. 2-5తో ఓడాం. దేశం తరఫున 205 మ్యాచ్‌లు, 83 గోల్స్, అక్కడితో ఆగాయి. తర్వాత నేను సకగుచి వీపు మీదికి, ఇవబుచి వీపు మీదికి, నగనో వీపు మీదికి వెళ్లాను. చెప్పాను కదా, చొక్కాలు మారతాయి.

ఒక్క ఆట మాత్రం నేను చూడలేదు. 2015 డిసెంబరు 27, కవాసాకిలో తోదోరోకి స్టేడియం, ఎంప్రెస్ కప్ ఫైనల్. ఆమె ఆఖరి ఆట. కోబే క్లబ్బులో ఆమె వీపు మీద ఉండేది ఎనిమిది. గోల్స్ లేకుండా సాగుతున్న ఆటలో 78వ నిమిషాన, మళ్లీ కార్నర్ నుంచే, ఆమె తలతో కొట్టిన ఒక్క గోల్‌తో నీగతా మీద గెలిచారట. గోల్ కనబడిందా అని ఎనిమిదిని అడిగాను. లేదంది. మరేం కనబడిందన్నాను. పరుగెత్తుకొచ్చి అందరూ మీద పడ్డారని, చేతులు తప్ప ఏమీ కనబడలేదని, ఎన్ని చేతులో లెక్క తేలలేదని చెప్పింది, నంబరయ్యుండి.