ఐపీ పెట్టినా వదలని పాలసీ

కర్నూలు, కడప జిల్లాల్లో వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం గానీ, బ్యాంకులో అప్పు రెన్యువల్‌కు పోయినవాడి మీద పాలసీ ఎప్పుడు పడుతుందో కచ్చితంగా చెప్పొచ్చు. ఫీల్డాఫీసరు పాస్‌బుక్కూ అడంగలూ చూసి తలూపిన తర్వాత, క్యాషు కౌంటరు దగ్గరికి పోయేలోపల. ఆ సందులో ఒక కుర్రాడు కూర్చుని ఉంటాడు. మెడలో ట్యాగు, చేతిలో ట్యాబు. బ్యాంకు ఉద్యోగి కాదు, బీమా కంపెనీ మనిషి. కూర్చునేది మాత్రం బ్యాంకు కుర్చీలో, తాగేది బ్యాంకు టీ.

"పెద్దాయనా, ఈడొక సంతకం. ఈడ ఇంకోటి. దీని కింద గూడా."

"ఇన్ని దేనికి నాయనా?"

"లోనుకే పెద్దాయనా. రేపు నీకేమన్నా అయితే ఇంట్లోవాళ్ళ మీద పడకుండా."

"నీకేమన్నా అయితే" అన్న మాటకు సీమలో ఎవరూ ఎదురు చెప్పరు. బుడ్డలు ఎండిపోతాయి, ఉల్లిగడ్డ కుళ్ళిపోతుంది, వెయ్యడుగుల బోరు దుమ్ము కక్కుతుంది. ఏమన్నా కావడమనేది మనకు ఏటా అవుతూనే ఉంటుంది. కాబట్టి సంతకం పడుతుంది. మంజూరైంది లక్షన్నర, చేతికొచ్చింది లక్షా ముప్పై. తేడా ఏందని అడిగితే "ఛార్జీలు" అంటారు. ఆ మాటతో సంభాషణ ముగిసినట్టు లెక్క.

ఇందులో అర్థశాస్త్రం ఉంది, గమనించండి. బ్యాంకే అప్పిస్తుంది. ఆ అప్పులోంచే ప్రీమియం కోస్తుంది. కోసిన ప్రీమియానికీ వడ్డీ వేస్తుంది. పాలసీ అమ్మినందుకు బీమా కంపెనీ దగ్గర కమీషన్ పుచ్చుకుంటుంది. ఖర్మగాలి పెద్దాయన పోతే, క్లెయిము డబ్బు ముందు అప్పు బాకీకి జమవుతుంది, మిగిలితే నామినీకి. అంటే బ్యాంకు తన అప్పుకు తానే బీమా చేయించుకుని, ఖర్చు మాత్రం పెద్దాయన చేత పెట్టించింది. పైగా రక్షణ పొందింది నువ్వే అని ఆయనకే చెప్పింది.

ఇది అసలైన అప్పు బీమా సంగతి. కొన్ని చోట్ల అదీ ఉండదు. అప్పు బీమా అని చెప్పి, పదేళ్ళు ఏటా కట్టాల్సిన పొదుపు పాలసీని తగిలిస్తారు. అప్పుడు మాత్రం ఆ ట్యాబులో ఒక అద్భుతం జరుగుతుంది. పంట రుణం దరఖాస్తులో "సన్నకారు రైతు, మూడెకరాల మెట్ట" అని ఉన్న మనిషే, పక్క కుర్చీలో బీమా దరఖాస్తులోకి రాగానే "వ్యాపారి, డిగ్రీ, వార్షికాదాయం ఆరు లక్షలు" అయిపోతాడు. సీమ కరువును తీర్చడానికి ఎన్ని కమిటీలు వేశారో గానీ, మూడెకరాల మెట్ట రైతును రెండు నిమిషాల్లో ఆరు లక్షల ఆసామిని చేసిన ఘనత ఆ ట్యాబుదే. దరఖాస్తులో మెయిలు ఐడీ కూడా ఉంటుంది. అది ఎవరిదని పెద్దాయన అడగడు, కుర్రాడు చెప్పడు. బాండు ఆ మెయిలుకే పోతుంది. తర్వాత కంపెనీ నుంచి వెరిఫికేషన్ ఫోనొస్తుంది. "ఏమడిగినా అవునను పెద్దాయనా, లేకుంటే లోను ఆగిపోతాది" అని ముందే చెప్పి ఉంటారు. పెద్దాయన అవునంటాడు. ఆ "అవును" రికార్డయి, ఆయన చెప్పినవాటిల్లో భద్రంగా దాచిపెట్టిన ఏకైక మాటగా మిగిలిపోతుంది.

ఈ సంగతి ఢిల్లీకి తెలియదనుకోకండి. 2024 నవంబరులో స్టేట్ బ్యాంకు వాళ్ళ సభలోనే ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు, బీమాను తప్పుగా అంటగట్టడం వల్ల జనానికి అప్పు ఖర్చు పరోక్షంగా పెరుగుతోందని, బ్యాంకులు తమ అసలు పని చూసుకోవాలని చెప్పారు. దానికి నెల ముందే, 2024 అక్టోబరు 1 నుంచి, అప్పుతోపాటు వసూలు చేసే బీమా ఖర్చును కూడా వార్షిక వడ్డీ శాతంలో కలిపి, అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఒక వివరాల కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం అమల్లోకి వచ్చింది. చాలా మంచి కాగితం. దాని మీద కూడా ఒక సంతకం పెట్టించుకుంటారు.

ఇక పంటల బీమా కథ వేరు. 2016లో ఫసల్ బీమా వచ్చినప్పుడు అప్పు తీసుకున్న రైతుకు అది తప్పనిసరి. ఖరీఫ్‌కు 2 శాతం, రబీకి ఒకటిన్నర, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. 2020 ఖరీఫ్ నుంచి ఐచ్ఛికం చేశారు. ఐచ్ఛికమంటే కావాలన్నవాడు అడిగి తీసుకోవడం అనుకుంటాం మనం. కాదు. వద్దనుకున్న రుణ రైతు గడువుకు ఏడు రోజుల ముందే "నాకొద్దు" అని రాసివ్వాలి. రాసివ్వకపోతే కావాలన్నట్టే. ఈ లెక్కన మనమందరం ఎన్నింటికి ఒప్పుకుని ఉన్నామో తలుచుకుంటే నిద్ర పట్టదు.

సరే, పెద్దాయన మునిగాడు. బ్యాంకు బాకీ, ఎరువుల అంగడి బాకీ, ప్రొద్దుటూరు వడ్డీ వ్యాపారి ప్రోనోటు, అన్నీ కలిసి మీదికొచ్చాయి. లాయరు "ఐపీ పెట్టు" అన్నాడు, అంటే దివాలా పిటిషను వెయ్యమని. ఇక్కడా ఒక విచిత్రం. కంపెనీలు మునిగితే 2016 నాటి కొత్త దివాలా చట్టం ఉంది, ట్రిబ్యునల్ ఉంది. ఆ చట్టంలో మామూలు మనుషులకూ ఒక భాగం రాశారు. ఏడాదికి 60 వేలలోపు ఆదాయం, 20 వేలలోపు ఆస్తి, 35 వేలలోపు అప్పు ఉండి, సొంతిల్లు లేనివాడు మళ్ళీ కొత్తగా మొదలుపెట్టే వెసులుబాటు కూడా రాశారు. రాసి, బీరువాలో పెట్టారు. కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ళకు తప్ప మిగతావాళ్ళకు అది అమల్లోకి రాలేదు. కాబట్టి పెద్దాయన ఐపీ, గాంధీగారు సహాయ నిరాకరణ మొదలుపెట్టిన 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందే. ఆ చట్టం ప్రకారం 500 రూపాయల అప్పున్నా ఐపీ పెట్టొచ్చు. ఇవాళ కర్నూల్లో నలుగురు ఉగ్గాని బజ్జి తిని, సినిమాకు పోయొస్తే ఆ అర్హత వచ్చేస్తుంది.

ఈ దశలో పెద్దాయన కొడుకు పాత కాగితాలు తిరగేసి పాలసీ సంగతి కనుక్కుంటాడు. "నాయనా, ఇది మోసంతో అంటగట్టింది. ఫిర్యాదు చేస్తే డబ్బు వెనక్కొస్తుంది." వస్తుంది, నిజమే. ఎవరికి వస్తుందన్నదే ప్రశ్న. కోర్టు దివాలాదారని ప్రకటించిన రోజునుంచి ఆయన ఆస్తి కోర్టుది, లేదా కోర్టు నియమించిన రిసీవరుది. విడుదల ఉత్తర్వు వచ్చేదాకా కొత్తగా చేతికొచ్చేది కూడా అంతే. రిసీవరు దాన్ని అప్పులవాళ్ళకు పంచుతాడు. అప్పులవాళ్ళలో పెద్దది ఎవరు? బ్యాంకు. అంటే బ్యాంకులో కోసిన డబ్బు బీమా కంపెనీకి పోయి, కొడుకు కష్టంతో వెనక్కొచ్చి, రిసీవరు చేతుల మీదుగా మళ్ళీ బ్యాంకుకే చేరుతుంది. దారిలో పెద్దాయన చేసేది సంతకాలే.

చట్టానికి దయ లేదని అనలేం. సేద్యగాడి ఇల్లు, పనిముట్లు, ఎద్దులు, విత్తనాలు, వంటపాత్రలు, ఆడమనిషి మెడలోంచి తీయకూడని తాళి, వీటి జోలికి పోవద్దంది. జీవిత బీమా పాలసీ కింద రావాల్సిన డబ్బునూ జప్తు చేయొద్దంది. మోసమని రద్దు చేయించుకుని తెచ్చుకున్న ప్రీమియానికి కూడా ఆ రక్షణ ఉందా అంటే, అది లాయర్లు వాదించుకునే ముచ్చట, దానికి ఫీజుంటుంది. ఇంతలో అప్పులవాడి లాయరు లేచి ఒక కాగితం చూపిస్తాడు. "యువరానర్, ఈయన ఆదాయం ఆరు లక్షలని సొంత సంతకంతో రాసిచ్చాడు. ఆస్తులు దాచి ఐపీ పెట్టాడు." ఏ కాగితమో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మనం ఒక్కళ్ళమే ఇట్లా ఉన్నామనుకుని బాధపడొద్దు. ఇంగ్లండులో ఇదే వ్యాపారం దేశమంతా సాగింది. ఉద్యోగం పోతే కంతులు మేం కడతామని అప్పులకు బీమా తగిలించారు. ఉద్యోగమే లేనివాళ్ళకూ అమ్మారు. గుట్టు రట్టయ్యాక అక్కడి నియంత్రణ సంస్థ హాలీవుడ్ వస్తాదు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ తలకాయ బొమ్మను చేయించి, 2019 ఆగస్టు 29 లోపల అడగండని టీవీల్లో కేకలు పెట్టించింది. బ్యాంకులు కక్కింది 3,800 కోట్ల పౌండ్ల పైమాటే. కానీ అప్పటికే దివాలా తీసినవాళ్ళకు అక్కడి అఫీషియల్ రిసీవరు చెప్పిందొకటే: పాలసీ దివాలాకు ముందుది కాబట్టి ఆ డబ్బు మాది. దివాలా నుంచి బయటపడి ఏళ్ళయినవాళ్ళకూ అదే జవాబు. తెల్లదొరలు మనకిచ్చిన చట్టం లాంటిదాన్నే తమవాళ్ళ మీద కూడా నిజాయితీగానే వాడుతున్నారని మాత్రం ఒప్పుకోవాలి.

కాబట్టి అయ్యా, అమ్మా, ఐపీ దాకా పోకముందే ఖాతా స్టేట్‌మెంటు తీయించుకోండి. అందులో ప్రీమియం అని కనబడితే బాండు అడగండి. బాండు చేతికొచ్చిన 30 రోజుల్లోపల వద్దని రాసిస్తే, కొద్దిపాటి కోతలు పోను డబ్బు తిరిగివ్వాల్సిందే. ఆ గడువు దాటితే బీమా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నెలలో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే, ఏడాదిలోపల బీమా అంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు, ఫీజు లేదు. ఆఫీసు హైదరాబాదులో. ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో తీరిపోయినా, బీమా అన్యాయాలకు మనకింకా హైదరాబాదే రాజధాని. అంత దూరం దేనికనుకుంటే కర్నూల్లో, కడపలో వినియోగదారుల కమిషన్లున్నాయి. రెండేళ్ళలోపల పోవాలి, 5 లక్షల వరకు ఫీజు లేదు. ఎక్కడికి పోయినా సరే, ఫిర్యాదు కాగితంలో మీ ఆదాయం మాత్రం మీరే రాయండి.