‘సేల్స్ డౌన్’ వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము

“ఈ నెల సేల్స్ డౌన్. ఎందుకు? ఈఓడీ లోపు చెప్పండి.”

అవతారిక

శ్రీ క్రోధి నామ సంవత్సర కార్తీక శుద్ధ దశమీ సోమవారం, అనగా 2024 నవంబర్ 11న, పొద్దున పది గంటలకు మా సేల్స్ హెడ్ సారు వాట్సాప్ గ్రూపులో ప్రవచించిన వాక్యమిది. మాది పిండివంటలు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న కంపెనీ. ఆగ్రహానికి సంవత్సర నామం కారణమా, కార్తీక సోమవారపు ఉపవాసం కారణమా అన్నది నిర్ణయం కాలేదు. వాక్యానికి తోడుగా డ్యాష్‌బోర్డ్ స్క్రీన్‌షాట్ ఒకటి. అందులో మూడు కడ్డీలు: పొట్టిది, పొడుగుది, నేలకు అంటుకుపోయినది.

మెదకు సీమ కొల్చారానికి చెందిన మల్లినాథ సూరి, మూలంలో ఆధారం లేని మాట రాయనని నియమం పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యలు రాశాడు. నాకా సౌకర్యం లేదు. ఇక్కడ మూలంలో ఉన్నవాటికంటే లేనివే ముఖ్యం.

పాఠాంతరము

‘బాగా డౌన్’ అని మొదటి పాఠం. నాలుగు నిమిషాల తర్వాత ‘బాగా’ మాయమై పక్కన ‘ఎడిటెడ్’ అని వెలిసింది. గ్రూపులో ఎండీ గారు కూడా ఉన్న సంగతి అప్పుడు స్ఫురించి ఉంటుంది.

ప్రతిపదార్థము

ఈ నెల = నవంబర్ మాసమందు. సప్తమి లోపించినా అర్థం చెడలేదు, చెడినది లెక్క. నిండిన రోజులు పది. పక్కన అక్టోబర్‌ను నిలబెడితే దానికి ముప్పై ఒకటి. రోజూ అక్టోబర్‌లో అమ్మినంత అమ్మినా పదో తేదీ రాత్రికి అందులో మూడో వంతే కనబడుతుంది.

సేల్స్ = అమ్మకములు. ఆర్డర్ పెట్టిన తేదీవా, పార్సిల్ చేరిన తేదీవా? పైనున్న పెద్ద అంకె మొదటి మతం, కింది గ్రాఫు రెండో మతం. దీపావళి ముందురోజు కొన్న కజ్జికాయలు ఒకచోట అక్టోబర్‌వి, మరోచోట నవంబర్‌వి. ఇది మా డేటా టీమ్ ఇంటి గొడవ, ఇంతకంటే చెప్పను.

డౌన్ = తగ్గినవి. అన్యదేశ్యము. రహస్యమంతా ఈ పదంలోనే ఉంది. తగ్గుట అనే క్రియకు పంచమీ విభక్తి కావాలి: ‘దేని కంటె’ తగ్గినవి? మూలంలో ఆ ‘కంటె’ లేదు. వాక్యానికి ఆకాంక్ష తీరలేదు. సారు దాన్ని మనసులోనే ఉంచుకున్నారు, మనమేమో ఎవరికి తోచినది వారు అధ్యాహారం చేసుకున్నాం. గ్రూపులో ఒకరు పోయిన నెల కంటె అన్నారు, ఒకరు టార్గెట్ కంటె అన్నారు, కొత్తగా చేరిన కుర్రాడు పోటీవాళ్ల కంటె అన్నాడు.

ఎందుకు = ఏ కారణమున. పై పంచమి దొరికేదాకా దీనికి అర్థం చెప్పరాదు.

ఈఓడీ అను పదాన్ని చివరకు ఉంచుతున్నాను.

విశేషము: మూడు కడ్డీల సంగతి

ఫిల్టర్‌లో సారు ఎంచుకున్నది ‘నవంబర్’. కడ్డీల దగ్గర ఎంచుకున్నది ‘వారం’. నెల వారాలుగా తెగదు; 2024 నవంబర్ ఒకటి శుక్రవారం పడింది. కనుక మొదటి కడ్డీ శుక్ర, శని, ఆదివారాలు మాత్రమే. మిగతా నాలుగు రోజులను ఫిల్టర్ మింగేసింది. రెండోది 4 నుంచి 10 దాకా నిండు వారం. మూడోది సోమవారం పొద్దుటి నాలుగున్నర గంటలు. (నాలుగున్నరే ఎందుకో ఈఓడీ దగ్గర తేలుతుంది.) మూడు రోజులు, ఏడు రోజులు, నాలుగున్నర గంటలు ఒకే వరసలో నిలబడితే అది గుట్ట ఎక్కి లోయలో పడ్డట్టు కనబడక మరెలా కనబడుతుంది?

ఈ తగాదా మనకు కొత్త కాదు. తిథి నిడివి వేరు, రోజు నిడివి వేరు. ఆ దీపావళి అమావాస్య అక్టోబర్ 31 మధ్యాహ్నం మొదలై 1వ తేదీ సాయంత్రం దాకా ఉంది. పండుగ ఏ రోజని జనం వాదించుకున్నారు. కనీసం పంచాంగంలో తిథి ఎన్ని గంటలకు ముగుస్తుందో రాసి ఉంటుంది. డ్యాష్‌బోర్డ్ కడ్డీ మీద ‘ఇందులో మూడు రోజులే’ అని ఎవరూ రాయలేదు.

ఆక్షేపము

“అయితే పోయినేడు నవంబర్ మొదటి పది రోజులతో పోల్చండి, నిడివి సమానమే కదా?”

సమాధానము. నిడివి సమానమే, కాలం సమానం కాదు. 2023లో అధిక శ్రావణం వచ్చింది. చాంద్ర సంవత్సరం సౌర సంవత్సరం కంటే ఇంచుమించు పదకొండు రోజులు పొట్టి. ఆ బాకీ తీర్చడానికి రెండున్నరేళ్లు దాటాక ఒక నెల కలుపుతారు. అందుచేత 2023లో దీపావళి నవంబర్ 12కు జరిగింది. అప్పటి మొదటి పది రోజులు పండుగ ముందు తోపులాట. ఇప్పటివి పండుగ వెళ్లాక డబ్బాలు కడిగి బోర్లించే రోజులు. పోల్చదగినవి 2023 నవంబర్ 13 నుంచి 22 దాకా.

ప్రత్యాక్షేపము. ఆ పదింటిలో శనాదివారాలు ఒక జత, ఈ పదింటిలో రెండు జతలు!

నిజమే. ఎటు లాగినా ఒక కాలు బయటపడే దుప్పటి ఇది. పిండివంటల వ్యాపారంలో పండుగే పెద్ద కనుక పండుగకు పండుగ సరిపెట్టి, వారాల తేడాను గ్రాఫు కింద ఒక ముక్కలో ఒప్పుకోవాలని నా మతం. పాల ప్యాకెట్లు అమ్మేవారి మతం వేరుగా ఉండవచ్చు.

తాత్పర్యము

దీపావళి అయిపోయింది అని భావము.

శేషము: ఈఓడీ

ఈఓడీ = రోజు ముగియుట. ఏ రోజు? మా సర్వర్ యూటీసీలో నడుస్తుంది. దాని రోజు మన తెల్లవారుజామున 5:30కి మొదలై మర్నాడు 5:30కి ముగుస్తుంది. అర్ధరాత్రి దాటాక ఆకలేసి జంతికలు ఆర్డర్ పెట్టినవాడు దాని దృష్టిలో నిన్నటివాడే. సూర్యోదయంతో రోజు మొదలుపెట్టే పంచాంగమూ ఇంచుమించు అదే అంటుంది కాబట్టి సర్వర్ శాస్త్రోక్తంగానే ఉంది. సారు చూపిన అంకెలన్నీ ఆ కాలమానంలోవి. ఆయన పెట్టిన గడువును కూడా అందులోనే అన్వయించుకోవడం న్యాయం.

ఈ టీక మంగళవారం తెల్లవారి 5:10కి ముగిసింది. గడువుకు ఇంకా ఇరవై నిమిషాలుంది.